రెండు పడవల పాట

సెప్టెంబరు 4, సోమవారం

ఈరోజు నుంచి నేను సిగ్వీదుబ్ దీవికి సాయిలాని, అంటే ఊరిపెద్దని. పనామా నగరంలో ఇరవై ఏళ్ళు రేడియోలో వార్తలు చదివినవాడికి ఊరి సభలో నాలుగు ముక్కలు మాట్లాడటం ఒక లెక్కా అనుకుంటూ వెళ్ళాను. ఆ సంగతి ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాసుకోను?

పొద్దు గూకేసరికి సభ ఇల్లు నిండిపోయింది. నడిమధ్య, పెద్దలు పడుకునే గుడ్డ ఊయలలో నేను. పక్క ఊయలలో, చూపు ఆనక పదవి దిగిపోయిన ముసలి సాయిలా ఒరాసియో. చుట్టూ బల్లల మీద ఆడవాళ్ళు మోలా రవికెలు కుట్టుకుంటున్నారు. నేను సూటిగా చెప్పాను. ఏటా నీళ్ళు ఇంకొంచెం లోపలికి వస్తున్నాయి, ఉత్తరపు గాలులు మొదలయ్యేలోగా పడమటి ఒడ్డున ఉన్న ఇళ్ళు ఖాళీ చేయాలి, అవతలి గట్టున మన కొండ పొలంలో కొత్త ఇళ్ళు వేసుకోవాలి. కారణం, ఉపాయం, గడువు. ఒక్క తడబాటు లేదు. ఒక్క మాట ఎక్కువ లేదు.

ఒక్క సూదీ ఆగలేదు. పైగా నేను "ప్రమాదం" అన్న మాట దగ్గర బరువుగా ఆగానో లేదో, సభలో ఎవరికీ కునుకు పట్టకుండా చూసే కాపలా మెలితోన్ ఆనవాయితీ ప్రకారం "నిద్రపోకండి!" అని కేక పెట్టాడు. ఆ కేకకి నేనే ఉలిక్కిపడ్డాను. ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

తర్వాత బ్రౌలియో లేచాడు. సాయిలా పాటలో మూటగట్టి పాడినదాన్ని విప్పి జనానికి చెప్పడం అర్గర్ పని. మా అర్గర్ అతను. నాకు తోడల్లుడు కూడా. మోకాళ్ళు దులుపుకుని, గొంతు సవరించుకుని, "మా తమ్ముడు పాడలేదు, అంతా విప్పేసే చెప్పాడు. నేను చెప్పడానికేం మిగల్చలేదు" అని కూర్చున్నాడు. ఇక చూడాలి నవ్వులు.

చివర్లో గొంతు కొంచెం వణికింది. సభలో ఆచారంగా కోకో గింజలు కాల్చిన పొగ వల్ల.

సెప్టెంబరు 5

ఊరికి పెద్దనైతే అయ్యాను గానీ ఇంట్లో నేను చిన్నల్లుణ్ణే. ఈ దీవిలో పెళ్ళైన ప్రతి మగాడూ ఇల్లరికమే, కాబట్టి అందులో సిగ్గేమీ లేదు. కానీ అందరికీ దొమితిలా లాంటి అత్త ఉండదు.

పొద్దున అరటిపండు గంజి పోస్తూ అంది. "రేడియో అయితే నచ్చకపోతే కట్టేసుకునేవాళ్ళం అల్లుడూ. నిన్ను కట్టేసే మీట ఎక్కడుందో మా పిల్ల చెప్పలేదు."

"నాకూ దొరకలేదమ్మా, ఆరేళ్ళుగా వెతుకుతున్నా" అంది నా భార్య ఏనెల్దా. పెళ్ళాం కూడా అటే.

పడమటి ఒడ్డున అన్నిటికంటే పల్లంలో ఉన్నది మన ఇల్లే కదా అత్తయ్యా, ముందు మనమే కదలాలి అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి తన ఊయల తాడు పట్టుకుంది. "ఇది నా చేత్తో నేను నేసుకున్నది. నేను పోయాక ఇందులోనే చుట్టి మట్టిలో పెడతారు. అందాకా దీని ముడి ఇక్కణ్ణించి ఎవరూ విప్పరు. అందులోనూ నువ్వు అసలు ముట్టుకోవు. అరటిగెలల పడవ బోల్తా కొట్టించిన చెయ్యి నీది."

ఆ పడవ బోల్తా పడింది పెళ్ళైన కొత్తలో. ఈవిడ ఇంకా మర్చిపోలేదు.

సెప్టెంబరు 9

ఒరాసియో తాత దగ్గరికి వెళ్ళాను. ఇంటి ముందు కొబ్బరి పీచు పేనుకుంటూ కూర్చున్నాడు. నా అడుగుల చప్పుడు వినగానే, "రా అబ్బాయ్, ఎంత ఆలస్యం చేశావు" అన్నాడు.

"నేను తప్పేం మాట్లాడానో చెప్పండి తాతా."

"తప్పేం మాట్లాడలేదు. అన్నీ నువ్వే నమిలి పెట్టావు. మాకు పళ్ళు లేవనుకున్నావా? నాకు లేవనుకో, వాళ్ళకున్నాయిగా." అని తన నవ్వుకి తనే దగ్గాడు. "నువ్వు పాడాలి. పాట చివర నేను 'దెగీ' అనాలి, అంటే అంతే, అవును అని. బ్రౌలియో విప్పాలి. అప్పుడు ఆ మాట నీ ఒక్కడిదీ కాదు, అందరిదీ అవుతుంది. నీ ఒక్కడి మాట ఎవడు మోస్తాడు?"

"సరిగ్గా విప్పకపోతే?"

పేనడం ఆపి నావైపు మొహం తిప్పాడు. కనపడని కళ్ళతో మనిషిని అలా చూడటం ఎలా వస్తుందో ఈయనకి. "మూట కట్టినవాడికి తెలియాలి లోపలేముందో" అన్నాడు.

సెప్టెంబరు 13

పడవలో ఒంటరిగా పాట సాధన. నాలుగు పెలికాన్ పక్షులు వినడానికి వచ్చి లేచి వెళ్ళిపోయాయి.

సెప్టెంబరు 22

ఇవాళ పాడాను.

మా తాతలు చెక్కిన పడవ గురించి పాడాను. దాని అంచు ఎన్ని చేతులు పట్టుకుని నునుపెక్కిందో, నగరంలో కిటికీ లేని గదిలో కూర్చుని వార్తలు చదువుతూ ఆ పడవని తలుచుకున్నవాడు ఎలా తిరిగి వచ్చాడో పాడాను. ఇప్పుడు దాని అడుగు చీలింది. తల్లి ఒకతె ఒళ్ళో బిడ్డని పెట్టుకుని చిప్పతో నీళ్ళు తోడుతూనే ఉంది. అవతల అడవిలో కొత్త చెట్టు ఒకటి గొడ్డలి కోసం ఎదురుచూస్తోంది. అంతే పాట. పాత పడవ ఈ దీవి, కొత్త చెట్టు కొండ పొలం. చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.

సూదులు ఆగాయి. ఒక్కొక్కటే ఆగడం ఊయలలోంచి చూశాను. అత్త సూది కూడా ఆగింది. తాత "దెగీ" అన్నాడు. రేడియోలో ఇరవై ఏళ్ళు చదివాను, విన్నవాడి మొహం ఒక్కటీ చూడలేదు.

తర్వాత బ్రౌలియో లేచాడు.

"సాయిలా ఏమన్నాడు? పడవ మనది అన్నాడు. అడుగు చీలింది అన్నాడు. చీలితే పారేస్తామా? అమ్మకి కాలు విరిగితే అమ్మని పారేస్తామా? మాటు వెయ్యండి, అడుగు గట్టిచెయ్యండి అంటున్నాడు. దీవికి అడుగేంటి? పగడపు రాయి! రేపు పొద్దున్నే పడవలు తియ్యండి, రాయి తీసుకురండి, పడమటి ఒడ్డు ఎత్తు పెంచండి అంటున్నాడు మన సాయిలా!"

నేను తల ఎత్తాను.

ఎవరో ఒకావిడ అడిగింది, "మరి అడవిలో చెట్టో?"

"మాటుకి చెక్క కావద్దూ!" అన్నాడు బ్రౌలియో, క్షణం కూడా ఆలోచించకుండా.

సభ అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎంతకాలంగా బిగబట్టారో ఆ ఊపిరి. మగవాళ్ళు లేచి ఎవరి పడవ ఎవరు తేవాలో మాట్లాడుకుంటున్నారు. అత్త నావైపు చూసి నవ్వింది. ఆరేళ్ళలో నన్ను చూసి నవ్వడం ఇదే మొదలు.

తల మళ్ళీ ఊయల మీద ఆనించాను. అంత సంతోషంలో అడ్డం పడితే బాగుండదు. రేపు నెమ్మదిగా చెప్తాను.

సెప్టెంబరు 23

దీవిలో కాళ్ళు ఆడే ప్రతి మగాడూ పగడపు దిబ్బ దగ్గరే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని "బాగా పాడావయ్యా" అనని వాళ్ళు లేరు. మధ్యాహ్నం కొబ్బరిపాలల్లో ఉడికిన చేప తలకాయ అత్త నా గిన్నెలో వేసింది. తలకాయ ఎప్పుడూ బ్రౌలియోకే వెళ్ళేది. అతను చూస్తూ ఊరుకున్నాడు.

రేపు చెప్తాను.

సెప్టెంబరు 25

ఇవాళ కుదరలేదు.

సెప్టెంబరు 30

నిన్న నిండు వెన్నెల. ఇవాళ్టి నుంచి తగ్గుతుంది. ఇంటి కప్పుకి ఆకు కోయాల్సింది ఈ తగ్గే వెన్నెలలోనే, లేకపోతే ఏడాది తిరక్కుండా పురుగు తింటుంది. ఈ పక్షం పోతే గాలులకి ముందు ఇంకొక్క పక్షమే ఉంటుంది.

ఏనెల్దా గిన్నెలు కడుగుతూ అడిగింది. "నువ్వు పాడింది ఇదేనా? ఈ రాళ్ళేనా?"

"విప్పడం అర్గర్ హక్కు. మధ్యలో వేలు పెట్టకూడదు. అది ఆచారం."

"నేను ఆచారం గురించి అడగలేదు."

గిన్నె బోర్లించి వెళ్ళిపోయింది. ఆచారం గురించి నేను చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం.

అయినా ఒడ్డు ఎత్తు పెంచడం చెడ్డ పనేమీ కాదు. ముందు రాయి, తర్వాత ఇళ్ళు. వరసలో చిన్న తేడా, అంతే.

అక్టోబరు 3

సభలో మళ్ళీ పాడాను. రాయి మోసిన భుజాల గురించి. అందరికీ కళ్ళు చెమ్మగిల్లాయి. అడవి చెట్టు గురించి కూడా పాడదామనుకున్నాను, పాట అప్పటికే పెద్దదైపోయింది.

అక్టోబరు 6

మెలితోన్ రాత్రి సభకి కాపలా, పగలు రొయ్యలకోసం మునిగే మనిషి. తడి తలతోనే ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సాయిలా, ఒక మాట. వాయవ్యం దిక్కు దిబ్బంతా ఎత్తి తెచ్చేశారు. అక్కడ అల విరిగేది. ఇప్పుడు విరగట్లేదు, తిన్నగా లోపలికొస్తోంది. నేను కింద ఉండగా నన్నే ఈడ్చేసింది."

"ఒడ్డు ఎత్తు పెరుగుతోందిగా మెలితోన్."

"పెరుగుతోంది. తలుపు పీకి గడప ఎత్తు పెంచుతున్నాం."

అని తల తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఎప్పుడూ సభలో కూర్చుని తనే కునుకుతీసే మనిషి, ఇవాళ నాకు నిద్ర లేకుండా చేశాడు.

అక్టోబరు 10

రేపు చెప్తాను అని రాయడం నాకే సిగ్గుగా ఉంది. రాయను.

అక్టోబరు 14, అమావాస్య

తెల్లవారుతుండగా పోటు వచ్చింది. గాలి కూడా లేదు. కొత్తగా వేసిన రాళ్ళ పక్కనుంచి, దిబ్బ తీసేసిన వైపునుంచి వచ్చి పడమటి ఇళ్ళలోకి దూరింది. మా ఇంట్లోకి మోకాలెత్తు. అత్త తన ఊయలలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, కింద నీళ్ళు. ఊయలని ఇంకొంచెం పైకి కడదామని నేను తాడు మీద చెయ్యి వేశాను. "ముట్టుకోకు" అంది.

ఆవిడ పొయ్యి ఆరిపోయింది. మూడు దుంగల మొనలు ఒకచోట కలిపి పెట్టే పొయ్యి అది. ఆవిడ పెళ్ళినాటి నుంచీ నిప్పు ఆరనివ్వలేదని చెప్పుకుంటుంది. తడిసిన దుంగలు ఇంటి మధ్యలో తేలుతున్నాయి.

నీళ్ళు తీశాక ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలని కూడా అనుకున్నాను. ఆవిడ బూడిద ముద్దని చేత్తో ఎత్తి బయట పోసి వచ్చి, "ఏం మొహం అది అల్లుడూ, ఇంకొన్ని రాళ్ళు తక్కువయ్యాయి అంతేగా. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాం, చేస్తాం. దిగులు పెట్టుకోకు" అంది.

నేను చెప్పినట్టే అంది. నాకు అక్కడ నిలబడటం చేతకాలేదు. ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళి పడవల వెనక కూర్చున్నాను. ఏడ్చాను. రాసుకునేటప్పుడైనా నిజం రాయాలి కదా.

అక్టోబరు 15

అరటిగెలల కోసం కొండ పొలానికి నేనూ బ్రౌలియో. అత్త పంపితే అల్లుళ్ళు ఇద్దరూ వెళ్ళాల్సిందే, సాయిలా అయినా అర్గరైనా. ఒడ్డు కనుమరుగయ్యాక అడిగేశాను.

"అన్నయ్యా, ఆ రోజు నేను కొత్త పడవ గురించి పాడాను. నువ్వు మాటు అన్నావు. ఎందుకలా విప్పావు?"

తెడ్డు ఆపలేదు. "నువ్వు పాడిందే విప్పాను."

"కొత్త చెట్టు గురించి పాడలేదూ?"

"పాడావు. పాత పడవ దగ్గర నీ గొంతు తేనెలా ఉంది తమ్ముడూ. ఎంతసేపు పాడావు దాని గురించి! నా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. కొత్త చెట్టు దగ్గరికొచ్చేసరికి నాలుగు ముక్కలు, అవీ వార్తలు చదివినట్టు. అర్గర్ చెవి దేనికుంది? ఈయనకి వెళ్ళడం ఇష్టం లేదు, నోటితో అనలేకపోతున్నాడు, నేను అనాలి అనుకున్నా. అన్నా."

"నేనెప్పుడు ఇష్టం లేదన్నాను? సభ పెట్టి మొదటిరోజే వెళ్ళాలన్నాను."

"ఆ రోజు నీ గొంతు చివర్లో వణికింది."

"పొగ."

"ఆహా, పొగ" అన్నాడు.

తర్వాత అతనే అన్నాడు, ఈసారి ఎగతాళి లేకుండా. "తప్పు విప్పానని ఆ రాత్రే ఎందుకు అనలేదు? ఊయలలోంచి తల ఎత్తావు, నేను చూశా. మళ్ళీ పడుకున్నావు. సరిగ్గానే చెప్పానని ధైర్యం వచ్చింది నాకు. ఇప్పుడు సభలో లేచి అర్గర్ తప్పు చెప్పాడంటావు. ఇక నా మాట ఎవడు వింటాడు? నాకున్నదల్లా ఈ నోరొక్కటే. చేపలు పట్టడం కూడా సరిగా రాదు నాకు, నీకు తెలుసు."

నాకు కోపం రావాలి. రాలేదు. అతను చెప్పింది నిజం. కిటికీ లేని గదిలో ఇరవై ఏళ్ళు బతికి ఈ దీవికి వచ్చి ఆరేళ్ళే అయింది. ఇంకా తనివి తీరలేదు. వెళ్ళిపోవాలని అందరికీ చెప్పాల్సింది నేను, వెళ్ళనని లోపల ఏడుస్తున్నదీ నేనే. రెండు పడవల మీద చెరొక కాలు పెట్టి పాట పాడితే, విప్పేవాడు మాత్రం ఏం చేస్తాడు?

గెలలు ఒడ్డుకి చేరాయి. పడవ బోల్తా పడలేదు.

అక్టోబరు 17

ఏనెల్దాకి అంతా చెప్పాను. విన్నంతసేపూ కుట్టు ఆపలేదు. చివర్లో దారం కొరికి, "నాకు చెప్పినట్టే వాళ్ళకీ చెప్పు" అంది.

"పదవి పోతుంది."

"పోతే పోయింది. అమ్మ నిన్ను నమ్మింది. ఆవిడ ఎవర్నీ నమ్మదు, మా నాన్ననే నమ్మలేదు." సూది గుడ్డకి గుచ్చి, "ఆవిడ మొహం చూడలేకపోతున్నా" అంది.

అక్టోబరు 20, శుక్రవారం

ముందు బ్రౌలియో దగ్గరికి వెళ్ళి, నీ మీద తప్పు పెట్టను అన్నాను. "ఎలా పెట్టకుండా చెప్తావు?" అన్నాడు. నాకూ తెలియదన్నాను.

సభ నిండింది. పోటు వచ్చాక అందరూ నా పాట కోసం ఆగి ఉన్నారు. పాడటం మొదలుపెట్టాను. పడవ అడుగుకి మాటు వేయడానికి తన రేవులో రాళ్ళే పీకిన మనిషి గురించి. రేవు పోయింది, పడవ మునిగింది. రెండు వరసలు పాడాను. పాట ఆపేశాను. ఊయలలో లేచి కూర్చుని మామూలుగా మాట్లాడాను.

"రాళ్ళు తెమ్మని నేను పాడలేదు. కొండకి వెళ్దామని పాడాను. కానీ నాకే వెళ్ళాలని లేదు. అందుకే వెళ్ళొద్దన్నట్టు వినపడింది. అర్గర్ విన్నది విన్నట్టే చెప్పాడు, తప్పు అతనిది కాదు. ఆ రాత్రే ఇది కాదు అనాల్సింది. మీరందరూ మొదటిసారి నన్ను మెచ్చి నవ్వారు. ఆ నవ్వు పోతుందని ఊరుకున్నాను. తెల్లారి చెప్దామనుకున్నాను. రోజూ అనుకున్నాను. మీరు రాళ్ళు మోస్తుంటే పొగడ్తలు తిన్నాను. ఆకు కోసే పక్షం ఒకటి పోగొట్టాను. మెలితోన్ వచ్చి చెప్పినా వినలేదు. అత్తయ్య పొయ్యి ఆరింది నా వల్ల. ఇప్పటికీ నాకు వెళ్ళడమంటే భయంగానే ఉంది. అయినా వెళ్ళాలి. నేను ముందు వెళ్తాను. మీరు రాకపోయినా వెళ్తాను."

గొంతు మొదటి నుంచి చివరిదాకా వణికింది. ఇవాళ పొగ లేదు, కోకో గింజలు నిండుకున్నాయి.

మెలితోన్ కేక పెట్టడం మర్చిపోయాడు. తర్వాత వెనక బల్ల మీంచి ఒకడు అరిచాడు, "నా నడుం ఎవడిస్తాడు సాయిలా? మూడు వారాలు మోశా! కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను!" ఇంకొకడు, "ఈ మనిషిని దించండి!" ఒకావిడ, "దించితే దిబ్బ వస్తుందా?" అంతా ఒకేసారి. అత్త మాత్రం తల ఎత్తలేదు. ఆవిడ సూది కదులుతూనే ఉంది, గబగబా, దారం తెగేలా.

ఒరాసియో తాత చెయ్యెత్తితే గోల అణిగింది. ఆయన "దెగీ" అనాలి, లేదా అనకుండా ఉండాలి. ఎంతసేపు ఆగాడో! నేను ఆయన పెదాలే చూస్తున్నాను.

"దెగీ" అన్నాడు. చాలా మెల్లగా.

అందరూ బ్రౌలియో వైపు తిరిగారు. అతను లేచాడు. మోకాళ్ళు దులుపుకోలేదు. గొంతు సవరించుకోలేదు. కాసేపు నన్ను చూశాడు.

"నేను చెప్పడానికేం మిగల్చలేదు" అన్నాడు, కూర్చున్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అక్టోబరు 21

సభలో తీర్పు చెప్పారు. దించలేదు. తెచ్చిన రాయిలో ఎంత వీలైతే అంత నా పడవలో వేసుకెళ్ళి దిబ్బ పోయినచోట తిరిగి వెయ్యాలి. చచ్చిన పగడం మళ్ళీ బతకదట, కానీ అలకి అడ్డమైనా పడుతుందన్నాడు మెలితోన్.

పొద్దున నేనొక్కణ్ణే మొదలుపెట్టాను. రెండో విడతకి బ్రౌలియో వచ్చి పడవ ఎక్కాడు. "చేపలు పట్టడం రాదు గానీ రాళ్ళు పారేయడం వచ్చు" అన్నాడు.

అత్త నాతో మాట్లాడట్లేదు. గంజి ఏనెల్దా పోస్తోంది. చేప తలకాయ బ్రౌలియోకి వెళ్ళింది.

అక్టోబరు 26

చేతులు పగిలాయి. కలం పట్టడం కష్టంగా ఉంది.

అక్టోబరు 30

వెన్నెల తగ్గడం మొదలైంది. నిన్న ఆకు కోతకి నేనూ ఏనెల్దా మాత్రమే వెళ్తామనుకుని తెల్లవారకముందే రేవుకి దిగాను. పడవలు ముందే కదులుతున్నాయి. అన్నీ కాదు. సగం కూడా కాదేమో. కానీ నా నడుం ఎవడిస్తాడని అరిచినవాడు మొదటి పడవలో ఉన్నాడు. నన్ను చూసి, "నడుం నొప్పి తగ్గలేదు, గుర్తుంచుకో" అన్నాడు. గుర్తుంచుకుంటానన్నాను.

రానివాళ్ళ ఇళ్ళకి సాయంత్రాలు వెళ్తున్నాను. పాట లేదు, అర్గర్ లేడు. తిడితే వింటున్నాను. అడిగితే తెలిసింది చెప్తున్నాను, తెలియనిది తెలియదంటున్నాను. ఇవాళ ఒకావిడ, కొండ మీద పాములుంటాయిగా అంది. ఉంటాయన్నాను. రేడియోలో అయితే ఆ మాట అలా అనేవాణ్ణి కాదు. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే గడప ఎత్తుగా పెట్టించు" అంది.

నవంబరు 5

వెదురు గోడలు లేచాయి. కప్పు సగం పడింది. బ్రౌలియో కప్పు మీద కూర్చుని కిందున్నవాళ్ళకి పని విప్పి చెప్తున్నాడు, ఎవరూ అడక్కపోయినా.

అత్త ఇంకా మాట్లాడట్లేదు. వస్తుందా రాదా అని ఏనెల్దాని అడిగితే, "అమ్మని అడుగు" అంటోంది. అడిగే ధైర్యం నాకు లేదు. సభలో వచ్చిన ధైర్యం ఇంట్లోకి రాలేదు.

నవంబరు 11

ఆఖరికి అడిగాను. పాటలా కాదు, వార్తలా కాదు. పొయ్యి పక్కన నేలమీద కూర్చుని అడిగాను. "అత్తయ్యా, కొండ మీద మీకు గది సిద్ధమైంది. వస్తారా?"

ఊయల తాడు సవరించుకుంది. తర్వాత నావైపు చూడకుండానే అడిగింది, "నీకు ఇంకా భయమేనా?"

"భయమేనండి."

"ఊఁ" అంది. అంతే.

నవంబరు 12

సామాను పడవలోకి ఎక్కిస్తున్నాం. ముందు తెడ్డు దగ్గర ఏనెల్దా, వెనక నేను. గిన్నెలు, మోలా గుడ్డల పెట్టె, అత్త పొయ్యి దుంగలు ఎండబెట్టినవి. ఆవిడ ఇంట్లోంచి బయటికి వచ్చింది. చేతుల్లో చుట్ట చుట్టిన ఊయల. తాడు ముడి ఎప్పుడు విప్పిందో, ఒక్కతే విప్పింది.

ఏనెల్దా చెయ్యి చాచింది. ఆవిడ ఇవ్వలేదు. నీళ్ళలోకి దిగి, కట్టుగుడ్డ తడుస్తున్నా పడవ చుట్టూ తిరిగి వెనకవైపుకి వచ్చింది. నా ముందు నిలబడింది.

"నేను రేపు వస్తా. ఇది ముందు తీసుకెళ్ళు" అంది. నా ఒళ్ళో పెట్టింది. "తడిపావా, చూసుకో."

తెడ్డు పక్కన పెట్టి రెండు చేతులతో పట్టుకున్నాను. దారంతా ఏనెల్దా ఒక్కతే తెడ్డు వేసింది, నవ్వుతూ, తిడుతూ.

నవంబరు 13, అమావాస్య

పోటు వచ్చింది. అత్తని పొద్దున్నే తీసుకొచ్చేశాం. కొండ మీంచి చూస్తే పడమటి ఒడ్డు ఇళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ఆవిడ అటు చూడలేదు. దుంగలు మూడూ మొనలు కలిపి, ఊదుతూ కూర్చుంది.

ఊయల తడవలేదు.